అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇంట్లో ఉంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఒక సోమవారం ఉదయం ఓపీ మొదలు కాగానే వచ్చిన ఇల్లాలు, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాక, శుక్రవారం రాత్రి కండోమ్ చిరిగిందని చెప్పారు. తమ వీధిలోని మెడికల్ షాపులో అందరూ తెలిసినవాళ్లే కావడంతో ఆమె భర్త అడగలేకపోయారు. ఆదివారం పక్క ఊరికి వెళితే అక్కడి షాపు మూసి ఉంది. నా దగ్గరకు వచ్చేసరికి దాదాపు 60 గంటలు గడిచిపోయాయి. స్త్రీల వైద్యురాలిగా ఇలాంటి ఆలస్యాలను చూసీ చూసీ, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇంట్లో ముందుగానే ఉండాలని అడిగినా అడగకపోయినా చెబుతున్నాను.

అపోహ: కలయిక తర్వాత 72 గంటల గడువు ఉంది కదా, అవసరమైనప్పుడు కొనుక్కోవచ్చు.
వాస్తవం: ఆ గడువు చివరి హద్దు మాత్రమే. ఈ మాత్రలో ఉండే మందు 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్; అది చేసే ముఖ్యమైన పని అండం విడుదలను వాయిదా వేయడం. అండం విడుదలయ్యాక దానివల్ల ప్రయోజనం ఉండదు, కాబట్టి గడిచే ప్రతి పూటా నష్టమే. 1998లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో మొదటి 24 గంటల్లో వాడినప్పుడు రాదగిన గర్భాల్లో 95 శాతం ఆగగా, రెండో రోజున అది 85 శాతానికి, మూడో రోజున 58 శాతానికి తగ్గింది. మన దేశంలో 2005 నుంచి దీన్ని వైద్యుల చీటీ లేకుండానే కొనవచ్చు. ఆశా కార్యకర్తల ద్వారా ప్రభుత్వం అందించే 'ఈజీ పిల్' కూడా ఈ మందే.

అపోహ: ఇది గర్భస్రావం చేసే మాత్ర.
వాస్తవం: కాదు. అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఇది దాన్ని తొలగించలేదు. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ వేరే మందులు, వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. షాపులో "గర్భం రాకుండా వేసుకునే మాత్ర" అని స్పష్టంగా అడగండి, డబ్బా మీద మందు పేరు చదివాకే డబ్బులివ్వండి.

అపోహ: ఇంట్లో ఉంటే జాగ్రత్త తగ్గుతుంది.
వాస్తవం: మాత్రను ముందుగా చేతికిచ్చిన స్త్రీలపై జరిగిన పరిశోధనలను కలిపి బేరీజు వేసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్షలో, కండోమ్ వాడకం తగ్గినట్టు గానీ సుఖవ్యాధులు పెరిగినట్టు గానీ తేలలేదు, అవసరం పడినప్పుడు వాళ్లు త్వరగా వేసుకున్నారని మాత్రం తేలింది. ముందస్తుగా ఇచ్చినంత మాత్రాన మొత్తం మీద గర్భాల సంఖ్య తగ్గలేదని కూడా అదే సమీక్ష చెప్పింది. అందుకే దీన్ని నెలనెలా వాడే పద్ధతిగా కాక, ఆపద్ధర్మంగానే చూడాలని నేను పట్టుబడతాను.

అపోహ: ఒకసారి వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరు.
వాస్తవం: దీనికి ఆధారం లేదు. వికారం, తలనొప్పి, నెలసరి కొద్ది రోజులు అటూఇటూ కావడం సాధారణం. రెండు గంటల్లోపు వాంతి అయితే మరో మాత్ర వేసుకోవాలి.

అపోహ: వేసుకున్నాక ఆ నెలంతా భయం లేదు.
వాస్తవం: అండం విడుదల ఆగిపోదు, వెనక్కి జరుగుతుంది అంతే. కాబట్టి ఆ తర్వాతి కలయికకు కండోమ్ తప్పనిసరి.

అపోహ: అందరికీ ఒకేలా పనిచేస్తుంది.
వాస్తవం: క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ లేదా కార్బమజెపీన్ వాడేవారిలో దీని ప్రభావం తగ్గుతుంది, ఊబకాయం ఉన్నవారిలోనూ తగ్గవచ్చు. వీరికి ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకోవడం మరింత నమ్మకమైన మార్గం. ఆ ఇల్లాలికి కూడా మాత్ర ఆలస్యమైందని వివరించి కాపర్-టీయే సూచించాను, ఆమె అంగీకరించారు.

ఇక దాచే విషయానికొస్తే, మాత్రను స్ట్రిప్ నుంచి విడదీయకుండా, పొయ్యి వేడి, స్నానాలగది తేమ తగలని చోట, పిల్లలకు అందకుండా ఉంచండి. బీరువా అర చాలు. గడువు తేదీని డబ్బా మీద పెద్ద అక్షరాలతో మళ్లీ రాసుకోండి, ఆ తేదీ దాటితే కొత్తది తెచ్చుకోండి. మాత్ర వేసుకున్నాక నెలసరి వారానికి మించి ఆలస్యమైతే మూత్రపరీక్ష చేసుకుని, ఫలితం ఏదైనా ఒకసారి వైద్యులను కలవండి.