తినేముందు ఉత్త నీళ్లు, తిన్నాక సబ్బా? చేతుల శుభ్రతపై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. "ఏ సబ్బు మంచిది మేడమ్?" అని అడిగేవాళ్లే తప్ప, ఎప్పుడు, ఎలా కడుక్కోవాలని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: తినేముందు చెయ్యి తడుపుకుంటే చాలు.

పెళ్లి భోజనాల దగ్గర చూడండి. కూర్చునేముందు కుడిచేతి మీద కాసిన్ని నీళ్లు పోసుకుంటారు. తిన్నాక మాత్రం జిడ్డు, వాసన పోయేదాకా సబ్బుతో తోముతారు. విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు నోటి దారినే లోపలికి పోతాయి కాబట్టి సబ్బు అవసరం ముందే ఎక్కువ. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డునీ, ఇంకో కొసతో నీటినీ పట్టుకుంటుంది. జిడ్డుతో పాటే క్రిములూ కొట్టుకుపోతాయి. కరోనా లాంటి వైరస్‌కైతే పైనున్న కొవ్వు పొరే చెదిరిపోతుంది. ఎడమచేతినీ కడగండి. అయినా ఒంటిచేత్తో రుద్దుకోవడం ఎవరివల్లా కాదు!

అపోహ: యాంటీ బ్యాక్టీరియల్ సబ్బే పనిచేస్తుంది.

మామూలు సబ్బు చాలు. అంతకంటే మేలని కంపెనీలు చూపలేకపోవడంతో 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్ సహా 19 రసాయనాలను ఇళ్లలో వాడే ఇలాంటి సబ్బుల్లో నిషేధించింది. సబ్బు కవరు మీదుండే టీఎఫ్‌ఎం అంకె కూడా సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పేదే, క్రిముల లెక్క కాదు.

బోరు నీళ్లలో నురగ రావట్లేదా? ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కొంత సబ్బును తినేస్తాయి. ఇంకాస్త పట్టించండి. వేణ్నీళ్లు అక్కర్లేదు.

అపోహ: హ్యాండ్‌వాష్ అయిపోవస్తే నీళ్లు కలిపి వాడుకోవచ్చు.

ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్రిములు పెరగకుండా కలిపే ప్రిజర్వేటివ్ పలచబడి సీసాలోనే బ్యాక్టీరియా పెరగొచ్చు. సగం ఉన్నదాంట్లో కొత్తది పోయడమూ అంతే. ఖాళీ అయ్యాక సీసా కడిగి, ఆరబెట్టి నింపండి.

అపోహ: శానిటైజర్ ఉంటే సబ్బెందుకు?

కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉంటే ప్రయాణాల్లో పనికొస్తుంది. మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద సరిగ్గా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు సబ్బూ నీళ్లే నయం.

అపోహ: అరచేతులు రుద్దితే అయిపోయినట్టే.

ట్రైనింగ్‌లో స్టాఫ్ చేతులకు యూవీ (అతినీలలోహిత) లైటు కింద మెరిసే ఒక లోషన్ రాసి, కడుక్కు రమ్మని, ఆ లైటు కింద పెట్టిస్తాం. అరచేతులు శుభ్రంగానే ఉంటాయి. బొటనవేలి మొదలు, గోళ్ల అంచులు, ఉంగరం చుట్టూ మాత్రం లోషన్ మిలమిలా మెరుస్తుంటుంది. వేళ్ల సందులు, చేతుల వెనక భాగం కూడా కలిపి 20 సెకన్లు రుద్దాలి.

తర్వాత కొంగుకో ప్యాంటుకో తుడిచేయకండి. తడి చేతికి క్రిములు త్వరగా అంటుకుంటాయి. ఉతికిన తువ్వాలు లేకపోతే గాలికే ఆరనివ్వండి.