సిగ్నల్ పోలేదు, స్టాల్ అయింది: మోడల్ విమానాల మీద అపోహలు, వాస్తవాలు

బరంపురంలో నా రిపేరు బల్ల మీదకి వచ్చే మోడల్ విమానాల్లో ఎక్కువ వాటిది ఒకటే కథ. "దింపుదామని తిప్పానన్నా, సిగ్నల్ పోయింది, తిరగబడి పడిపోయింది." మొన్న ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడైతే అప్పటికే మూడో రిసీవర్ (విమానంలో సిగ్నల్ అందుకునే పరికరం) కొనేశాడు పాపం. విమానం చూస్తే ఎడమ రెక్క కొస నలిగిపోయి ఉంది, మోటారు మౌంటు నిండా పొలం మట్టి. ఒక రెక్క ముందు వాలి, ముక్కు దించుకుని పడిందంటే నేను మొదట అనుమానించేది రేడియోని కాదు, స్టాల్‌ని. అంటే రెక్క గాలికి మరీ ఏటవాలుగా లేచి, లిఫ్ట్ (పైకెత్తే బలం) ఒక్కసారిగా పడిపోవడం. ఏ వేగం కంటే తగ్గితే అలా అవుతుందో అది స్టాల్ స్పీడ్.

అపోహ: "స్టాల్ స్పీడ్ గంటకు 29 కిలోమీటర్లు, జీపీఎస్‌లో 50 ఉంది. స్టాల్ ఎలా అవుతుంది?"

జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం. రెక్కకి నేలతో పని లేదు, దానికి తెలిసింది గాలి ఒక్కటే. జీపీఎస్ దాచుకున్న లాగ్ (వేగాల రికార్డు) తీసి చూశాం. అదే థ్రాటిల్‌లో (మోటారుకిచ్చే జోరులో) ఎదురుగాలికి వెళ్లినప్పటికీ గాలివాటున వచ్చినప్పటికీ వేగంలో 36 తేడా ఉంది. అందులో సగం, అంటే గంటకు 18 కిలోమీటర్లు, ఆ మధ్యాహ్నం వీచిన సముద్రపు గాలిది. గాలివాటున వస్తున్నప్పుడు 50 లోంచి 18 తీసేస్తే రెక్క మీద మిగిలింది 32.

ఇక 29 అన్నది ఎక్కడిదంటే, విమానం బరువు 960 గ్రాములు, రెక్క 120 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు. చదరపు మీటరుకి 4 కిలోలు పడుతుంది. దాని వర్గమూలాన్ని 4తో గుణిస్తే సెకనుకు 8 మీటర్లు, గంటకు 29 కిలోమీటర్లు. లెక్క బాగానే ఉంది, కానీ అది రెక్కలు సమంగా ఉన్నప్పటి మాట. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ స్పీడ్ 34 అవుతుంది, 60 డిగ్రీలకి 41. వాడి దగ్గరున్నది 32, వాల్చింది సుమారు 45. ఇందులో రిసీవర్ తప్పేముంది?

గాలివాటుకి తిరిగితే వెనక గాలికి లిఫ్ట్ పోతుందని ఇంకో పుకారు, అది విని విని విసుగొచ్చింది. గాలి నిలకడగా వీస్తుంటే విమానానికి ఆ తేడానే తెలీదు. మోసపోయేది మన కన్ను: నేల మీద జోరుగా వెళ్తున్నట్టు కనబడగానే టెన్షన్‌లో థ్రాటిల్ తగ్గిస్తాం, మలుపు బిగిద్దామని ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) లాగుతాం, అంతే.

మిగతావి గబగబా. బరువు రెట్టింపైతే స్టాల్ స్పీడ్ రెట్టింపు కాదు, 1.41 రెట్లు అవుతుంది. పెద్ద విమానాల పుస్తకాల్లోని లిఫ్ట్ కోఎఫిషియంట్ (రెక్క ఎంత బాగా లిఫ్ట్ ఇస్తుందో చెప్పే అంకె) 1.5 తెచ్చి వేస్తే స్టాల్ స్పీడ్ 18 శాతం తక్కువ చూపిస్తుంది. మన చిన్న రెక్కలకి, ఈ నిదానపు వేగాలకి 1 వేసుకోండి, పైన 4తో గుణించడంలో ఉన్నదీ అదే. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, గాలి పలచన, అక్కడ ఎగరేసేవాళ్లు స్టాల్ స్పీడ్‌కి 4 శాతం కలుపుకోండి.

లెక్క మీద నమ్మకం లేకపోతే 50, 60 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి, రెక్కలు సమంగా పెట్టి థ్రాటిల్ తగ్గించి, ఎలివేటర్ మెల్లగా లాగుతూ ముక్కు వాలే వేగం చూడండి. ఎదురుగాలికి ఒకసారి, గాలివాటున ఒకసారి చేసి రెండింటి సగటు తీసుకోండి. రెక్క వాలితే ముందు ఎలివేటర్ వదలండి, తర్వాత థ్రాటిల్ ఇవ్వండి. వాలిన రెక్కని ఐలెరాన్‌తో (రెక్క వెనక అంచున కదిలే పలకతో) లేపబోతే ఆ రెక్కకి గాలి కోణం ఇంకా పెరిగి పూర్తిగా తిరగబడుతుంది.

నేను చేసిందీ సరిగ్గా అదే. నాలుగు నెలలు కూర్చుని చేసిన బాల్సా విమానం, వరికోతలయ్యాక మా మావయ్య పొలంలో మొదటిసారి ఎగరేశాను, గట్టు మీద ఊరంతా ఉంది. ముక్కలు గోనెసంచిలో ఇంటికి తెచ్చుకుని, రేడియో అమ్మిన కొట్టాయన్ని ఏడాది పాటు తిట్టుకున్నాను. ఆ రేడియో ఇప్పటికీ పనిచేస్తోంది, నిన్న సాయంత్రం ఈ కుర్రాడి చేత మలుపులు సాధన చేయించింది దాంతోనే.