సెల్ఫీలో ముక్కు, స్క్రీన్ మీద విలువ

చెయ్యి చాచి సెల్ఫీ తీసుకుంటే ఫోను ముఖానికి ఇంచుమించు అడుగు దూరంలో ఉంటుంది. ముక్కు కొన కెమెరాకు 30 సెంటీమీటర్లలో ఉంటే చెవులు 42 దగ్గర ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా, వెనకున్నది చిన్నగా పడుతుంది కాబట్టి ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అమెరికా వైద్యులు కొందరు 2018లో ఈ లెక్క కట్టారు: అడుగు దూరంలో ముక్కు అసలు వెడల్పు కంటే సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది, అయిదడుగుల నుంచి తీస్తే ఆ తేడా దాదాపు ఉండదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. అద్దంలో రోజూ చూసుకునే ముఖం కుడిఎడమలు తిరగబడినది. మనకు అదే అలవాటు, అదే నచ్చుతుంది. చాలా ఫోన్లు తీసేటప్పుడు అద్దంలోలా చూపించి, దాచేటప్పుడు తిప్పేస్తాయి. అందుకే సేవ్ అయిన ఫొటో ‘నేను ఇట్టా ఉంటానా’ అనిపిస్తుంది.

పదమూడేళ్ల పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. తప్పు లెన్సుది కాదు, తన ముక్కుదే అనుకుని ఫిల్టర్ వేస్తుంది. అది ముక్కు సన్నం చేస్తుంది, మొటిమలు తుడిచేస్తుంది, అడక్కుండానే చామనఛాయను తెలుపు చేస్తుంది. సంబంధాల మాట వస్తే ‘పిల్ల రంగేంది’ అనే ఊళ్లకు యాప్ కొత్తగా నేర్పిందేమీ లేదు. ఎప్పుడో ఒకసారి పడే మాటను రోజూ పడేలా చేసింది, అంతే.

సెల్ఫీ సంగతి తేలిక. ఫోను గోడకు ఆనించి, టైమర్ పెట్టి, రెండు పెద్ద అంగలు వెనక్కి వేస్తే సరి. లైకుల సంగతి అంత తేలిక కాదు.

మనిషి తన విలువను ఒంటరిగా కూర్చుని తేల్చుకోడు. చుట్టూ ఉన్నవాళ్లు కలుపుకుంటున్నారా, పక్కన పెడుతున్నారా అని లోపల ఒక మీటరు తిరుగుతూ ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లియరీ 1995లో ప్రతిపాదించాడు. కౌమారంలో ఆ ముల్లు చిన్న కదలికకే ఊగుతుంది. ఇదివరకు అది ముఖ కవళికలను, గొంతును, బెంచీ మీద పక్కన ఎవరు కూర్చున్నారన్నదాన్ని చదివేది. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టాక దానికి అంకె దొరికింది.

ఆ అంకె ఎంత నమ్మదగినది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2016లో వెలువడిన ప్రయోగం చూడండి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 32 మందికి మెదడు స్కాన్ తీస్తూ ఫొటోలు చూపించారు. లైకులు తోటి పిల్లలు ఇచ్చినవని చెప్పారు గానీ ఆ అంకెలు పరిశోధకులు వేసినవే. తమ ఫొటోకు ఎక్కువ లైకులు కనబడినప్పుడు మెదడులో బహుమతికి స్పందించే భాగం బాగా చురుకైంది. ఇంకా ముఖ్యమైనది: ఒకే ఫొటోకు అంకె పెద్దదిగా ఉంటే పిల్లలు లైక్ కొట్టారు, చిన్నదిగా ఉంటే తగ్గించారు. అంటే లైకు లైకును లాక్కొస్తుంది. మైపాడు బీచ్‌లో ముగ్గురు స్నేహితురాళ్లు ఒకే అల ముందు దిగి వేర్వేరుగా పెట్టిన ఫొటోల్లో ఒకదానికి రెండొందలు, ఇంకోదానికి నలభై వచ్చాయంటే అది ఫాలోవర్ల సంఖ్య, పెట్టిన వేళ, ముందుగా పడిన లైకుల కథ. ముఖాల పోటీ కాదు.

స్నేహాల దగ్గర దెబ్బ కొట్టేది వాట్సాప్‌లో మెసేజ్ చదివినట్టు చూపే నీలి టిక్కులు. మన నెల్లూరు, ఒంగోలు వైపు జిల్లాల్లో వాటిని అపార్థం చేసుకునే వీలు మరీ ఎక్కువ. కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో ఆడపిల్ల వాడేది తరచు అమ్మ ఫోనే. 14-18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద 2023లో చేసిన అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోనుంది, అమ్మాయిల్లో 19.8 శాతానికే. అమ్మ ఫోనులో తమ్ముడు చాట్ తెరిచినా టిక్కు నీలమవుతుంది, చిన్నమ్మకు కాల్ చేసేందుకు వాట్సాప్ తెరిచినా ‘ఆన్‌లైన్’ కనిపిస్తుంది. అవతలి పిల్లకు మాత్రం ‘చూసి కూడా పలకలేదు’ అనే అర్థమవుతుంది. నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో ఇంటర్ చదివేవాళ్లది దీనికి తిరగేసిన బాధ: దసరాకు ఇంటికొచ్చి ఫోను పట్టుకుంటే గ్రూపులో వందల మెసేజ్‌లు, తనకు తెలియని జోకులు.

ఇంత చిన్నదానికి అంత నొప్పా అనుకోవద్దు. మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, తెర మీద ఒకరికొకరు విసురుకునే ఆటలో ముక్కూమొహం తెలియని ఇద్దరు (నిజానికి కంప్యూటర్ నడిపినవాళ్లే) తమకు విసరడం మానేస్తే చాలు, పెద్దవాళ్లు కూడా కొద్ది నిమిషాల్లోనే చిన్నబుచ్చుకున్నారు.

అలాగని ఫోను లాక్కోవడం మందు కాదు. 2019లో 3,55,358 మంది కౌమారుల వివరాలు చూసిన విశ్లేషణలో, వాళ్ల క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది గరిష్ఠంగా 0.4 శాతమే. సగటు ఇలా చిన్నదిగా తేలితే ఎవరికీ నష్టం లేదని కాదు. నెదర్లాండ్స్‌లో 63 మంది కౌమారులను వారంపాటు రోజుకు ఆరుసార్లు అడిగితే, సోషల్ మీడియాను ఊరికే చూస్తూ పోయాక 46 శాతం మందికి హాయిగా అనిపించింది, 44 శాతానికి ఏ తేడా లేదు, 10 శాతానికి మనసు దిగజారింది. మీ పిల్ల ఏ గుంపులో ఉందో గంటల లెక్క చెప్పదు. ఫోను పక్కన పెట్టిన పది నిమిషాల్లో చిరాకు, మౌనం, అద్దం దగ్గరికి పరుగు వరుసగా కొన్నాళ్లు కనిపిస్తే చెబుతుంది.

అప్పుడు సెట్టింగులు మార్చండి, అదీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య దాచే వీలు 2021 నుంచి ఉంది. కుళ్లు పుట్టించే ఖాతాను అన్‌ఫాలో చేస్తే గొడవ అవుతుందనుకుంటే మ్యూట్ చేయాలి, అవతలివాళ్లకు తెలియదు. వాట్సాప్ ప్రైవసీలో రీడ్ రిసీట్స్ తీసేస్తే నీలి టిక్కులు రెండువైపులా పోతాయి, గ్రూపుల్లో మాత్రం ఉంటాయి. అక్కడే గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ‘మై కాంటాక్ట్స్’కు కుదించాలి.

ఫొటో మార్చి బెదిరిస్తే మాత్రం సెట్టింగులు చాలవు. డబ్బు పంపకూడదు, పంపితే ఇంకా అడుగుతారు. చాట్ డిలీట్ చేయకుండా ఖాతా పేరు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయాలి. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల నగ్న చిత్రాల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో ఎక్కించక్కర్లేదు. ఫోనులోనే దాని నుంచి ఒక సంకేతం తయారై అదొక్కటే బయటికి వెళ్తుంది, అందులో చేరిన యాప్‌లు దాన్నిబట్టి ఆ చిత్రాన్ని గుర్తించి తీసేస్తాయి. ఇంట్లో తిడతారని పిల్లలు ఈ విషయం దాస్తారు కాబట్టి, ఈ నంబర్లు గొడవేదీ లేని రోజునే చెప్పి ఉంచాలి.