గుండీ, టార్చిలైటు, 3 శాతం రాయి

బుజ్జులూ,

ఆ వీడియో చూసి పెద్దోడు రాత్రంతా నిద్రపోలేదని మీ అమ్మ చెప్పింది. అదేరా, 2032లో భూమిని గుద్దేయబోతున్న రాయి అంటూ వెనకాల ఢాం ఢాం మ్యూజిక్ పెట్టి మళ్లీ తిప్పుతున్నారే, అది. పాత వార్త నాన్నా, 2025 ఫిబ్రవరిలోనే తేలిపోయింది, దాంతో భూమికి ఏం కాదు, హాయిగా పడుకో. ఇంతటితో వదిలేద్దామనుకున్నా గానీ చిన్నది ఫోన్లో ఒక మాట అడిగింది, అది భూమికి తగిలే అవకాశం ముందు 1 శాతం అన్నారు, తర్వాత 3 అన్నారు, ఆ తర్వాత సున్నా అన్నారు, అంటే సైంటిస్టులకే సరిగ్గా తెలీదా తాతయ్యా అని. భలే అడిగావు అమ్మలూ. ఫోన్లో నీకు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఈ ఉత్తరం.

ఆ అంతరిక్షపు రాయి (గ్రహశకలం అంటారు) పేరు 2024 వైఆర్4. ఇదేం పేరు అని నవ్వకండి, పేరులోనే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్నాయి. వై అంటే డిసెంబరు రెండో సగం, ఆర్4 అంటే ఆ పదిహేను రోజుల్లో దొరికిన వాటిలో 117వది. చూశారా, పదిహేను రోజుల్లోనే వందకి పైగా దొరుకుతాయి, వాటిలో వార్తల్లోకెక్కేది ఏ ఒక్కటో. చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబరు 27న దీన్ని పట్టుకుంది. తమాషా ఏంటంటే అప్పటికి రెండు రోజుల ముందే అది మనకి దగ్గరగా వచ్చి వెళ్లిపోయింది! అంటే మనం చూసింది దాని వీపే. సైజు ఓ 60 మీటర్లు ఉంటుందని తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో కొలిచారు.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరో బంతి విసిరారు, మీరు మొదటి జానెడు దూరం మాత్రమే చూసి కళ్లు మూసుకున్నారు, అది ఎక్కడ పడుతుందో చెప్పమంటే ఏం చెప్తారు? అటువైపు ఎక్కడో అని చెయ్యి చూపిస్తారు అంతే కదా. రాయిని కూడా కొన్ని రోజులే చూశారు, ఎనిమిదేళ్ల తర్వాత 2032 డిసెంబరు 22న ఎక్కడుంటుందో చెప్పాలి, ఇవాళ్టి కొలతలో వెంట్రుకవాసి తేడా అప్పటికి లక్షల కిలోమీటర్లవుతుంది. కాబట్టి ఇదిగో ఇక్కడ అని చుక్క పెట్టలేరు, ఈ మేరలో ఎక్కడైనా ఉండొచ్చు అంటారు.

రాత్రి లైట్లు ఆర్పేసి ఇది చెయ్యండి. నేను నిన్న చేసి చూశాకే రాస్తున్నా. గోడకి ఒక షర్టు గుండీ అంటించండి, అది భూమి. దూరంగా నిలబడి టార్చి వెయ్యండి, గోడ మీద పెద్ద వెలుగు వలయం పడుతుంది, అదే రాయి ఉండగలిగే చోటు. గుండీ మరీ నడిమధ్యలో వద్దు, కొంచెం పక్కకి ఉండాలి. ఆ వెలుగులో గుండీ వాటా ఎంత? ఆవగింజంత. ఇప్పుడు మెల్లగా గోడ వైపు నడవండి. వలయం చిన్నదవుతుంది కానీ గుండీ సైజు అదే కదా, కాబట్టి దాని వాటా పెరుగుతూ పోతుంది. ఇంకో అడుగు, ఇంకా పెరుగుతుంది. ఇంకో అడుగు వేశారంటే వెలుగు అంచు గుండీని దాటేస్తుంది, గుండీ చీకట్లో ఉండిపోతుంది, వాటా ఒక్కసారిగా సున్నా!

సైంటిస్టుల శాతాలు అచ్చంగా ఇలాగే నడిచాయి. రాయి భూమి వైపు తిరిగిందని కాదు, రాయి తన దారిన తను పోతూనే ఉంది, మన టార్చి దగ్గరికి జరిగింది అంతే. (నిజంగా అయితే ఆ మేర గుండ్రంగా ఉండదు, సన్నటి పొడుగాటి గీతలా ఉంటుంది, మనకి టార్చి చాల్లే.) ఫిబ్రవరి మధ్యలో పౌర్ణమి వెన్నెల వల్ల రాయిని సరిగ్గా చూడలేకపోయారు, 18వ తేదీకి లెక్క 3.1 శాతానికి వెళ్లింది, 20వ తేదీకి 0.28కి పడిపోయింది, 24కి 0.004. అయినా 3.1 శాతం అన్న రోజున కూడా దాదాపు 97 శాతం తగలదనే కదా లెక్క, ఆ మాట ఎవరూ పెద్దక్షరాల్లో వెయ్యలేదు, నాకు ఒళ్లుమండేది అక్కడే.

నేనూ ఒకసారి హడలిపోయాలే. 2004లో అపోఫిస్ అని ఇలాంటి రాయే ఒకటి దొరికింది, అది 2029లో భూమికి తగిలే అవకాశం 2.7 శాతం అని డిసెంబరు 27న అన్నారు (వైఆర్4 దొరికింది కూడా అదే తారీఖున, సరిగ్గా ఇరవై ఏళ్లకి, ఊరికే కలిసొచ్చింది). అప్పుడు ఎవరో పాత ఫోటోలు తిరగేస్తే మార్చిలో తీసిన వాటిలోనే అది ఉంది. ఇంకేం, కొన్ని నెలల దారి ఒక్కసారే చేతికొచ్చింది, 2029లో తగలదని తేలిపోయింది. ఆ ఫోటోలు తీసినవాళ్లకి అందులో ఏముందో అప్పుడు తెలీదు పాపం.

పెద్దోడా, మీదికొచ్చే రాయిని తన్ని పక్కకి పంపొచ్చా అని అడిగావు కదా, అవును, పంపొచ్చు. 2022 సెప్టెంబరు 26న డార్ట్ అనే అంతరిక్ష నౌకతో డైమార్ఫోస్ అనే చిన్న రాయిని గుద్దించారు, అది తన పెద్ద రాయి చుట్టూ తిరిగే టైము 32 నిమిషాలు తగ్గింది. కానీ ముందే కనిపించాలి కదా, 2013లో రష్యాలో చెల్యాబిన్స్క్ మీద పేలిన రాయి 20 మీటర్లదే, సూర్యుడి వైపు నుంచి వచ్చింది కాబట్టి ఎవరికీ కనపడలేదు. దాదాపు 1500 మందికి దెబ్బలు, ఎక్కువగా గాజు ముక్కలవే. ముందు వెలుగు కనిపించింది, అదేంటా అని జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు, నిమిషం దాటాక పేలుడు గాలి వచ్చి అద్దాలు మొహాన పడ్డాయి. కాబట్టి ఆకాశంలో ధగధగమని ఏదైనా మెరిస్తే కిటికీకి దూరంగా జరగండి, ఫోటో తర్వాత తీసుకోవచ్చు.

అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది, కొన్ని శాటిలైట్ల కన్నా దగ్గరగా. అప్పుడు మళ్లీ ఆ మ్యూజిక్ మొదలవుతుంది చూస్తూండండి. దానికన్నా ముందు 2028లో వైఆర్4 కూడా మళ్లీ ఇటొస్తుంది, కొత్త కొలతలు, కొత్త అంకెలు. అందుకే గుండీని గోడ మీదే ఉంచేశా. టార్చిలో సెల్స్ మాత్రం నిన్నటితో అయిపోయాయి, వచ్చేటప్పుడు రెండు పట్టుకురండి.

మీ తాతయ్య