క్యాసనూర్ జ్వరం: చచ్చిన కోతి చుట్టూ 50 మీటర్లు

కర్ణాటక మలెనాడులో దీన్ని ‘మంగన కాయిలె’ అంటారు, అంటే కోతి జబ్బు. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూర్ అడవిలో తొలిసారి బయటపడింది. వైరస్‌ను మోసేది పిడుదు. జబ్బుపడ్డవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు.

కొండముచ్చులు, కోతులు ఈ వైరస్‌కు తట్టుకోలేవు. అందుకే అడవిలో కోతి చచ్చిందన్న కబురే మొదటి హెచ్చరిక. కళేబరం చల్లబడగానే దాని రక్తం తాగిన పిడుదులు ఒక్కొక్కటే దిగి ఎండుటాకుల్లో చేరతాయి. వాటిలో గుడ్డు నుంచి వచ్చిన లార్వాలు అక్కడే కుబుసం విడిచి పిల్ల పిడుదులవుతాయి. నువ్వుగింజ కన్నా చిన్నవి, కుట్టినా తెలియదు. డిసెంబరు నుంచి మే దాకా ఇవే ఎక్కువ. కట్టెలకూ, కొట్టంలో పరిచే ఎండుటాకులకూ జనం అడవికి వెళ్లేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి కోతి పడిన చోటు చుట్టూ 50 మీటర్ల మేర మలాథియాన్ అనే పురుగుమందు పొడి చల్లి, అటు ఎవరూ వెళ్లకుండా చూడాలి.

చచ్చిన కోతి పోస్టుమార్టంలో తీసిన మెదడు, కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు ఐసు మీద ల్యాబ్‌కు వెళ్లాలి. అలవాటుకొద్దీ, ముక్కలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేస్తే వైరస్ చచ్చిపోతుంది, ల్యాబ్‌లో దాన్ని పెంచడం ఇక కుదరదు. కుళ్లిన కళేబరంలో వైరస్ దొరకలేదంటే ఆ అడవి క్షేమమని కాదు, మనం ఆలస్యంగా వెళ్లామని.

కోతులు చావకముందే కనిపెట్టాలంటే పిడుదులనే పట్టాలి. తెల్లటి ఫ్లానెల్ గుడ్డను నేల మీద ఈడుస్తూ, నాలుగడుగులకోసారి తిరగేసి చూస్తారు. అంటుకున్నవాటిని చిమటాతో తీసి, కాస్త తడి ఉన్న సీసాలో ప్రాణంతోనే పంపుతారు. పశువులకు ఈ జబ్బు రాదు గానీ, పెద్ద పిడుదులు వాటి రక్తం తాగే గుడ్లు పెడతాయి. మేతకు అడవికి వెళ్లొచ్చిన ఆవు చెవుల వెనకా, పొదుగు పక్కనా తప్పకుండా వెతకాలి.

మనిషి రక్తపరీక్ష దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. జ్వరం వచ్చిన తొలి రోజుల్లో వైరస్ రక్తంలోనే ఉంటుంది, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష దాన్ని పట్టేస్తుంది. వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో మొదట పుట్టే ఐజీఎం యాంటీబాడీలు తయారవడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. రెండో రోజున ఐజీఎం పరీక్ష ఒక్కటే చేసి ‘నెగెటివ్’ అని ఇంటికి పంపితే, ఆ రోగి జాబితాలోకే ఎక్కడు. కొందరికి జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాలకు మళ్లీ వస్తుంది. ఈసారి తలనొప్పి, వణుకు, మతి తప్పడం. అప్పుడు వెతకాల్సింది యాంటీబాడీలనే. నమూనా సీసా మీద జ్వరం మొదలైన తేదీ రాయకపోతే ఏ పరీక్ష చేయాలో ల్యాబ్‌కు తెలియదు.