పాలు పోసిన బీరకాయ కూర

మా పాపకు ఏడేళ్లు. కూర ఏదైనా సరే, ముందు "కారం ఉందా?" అని అడిగాకే ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. మొన్న ఆదివారం మెహిదీపట్నం రైతుబజార్ నుంచి లేత బీరకాయలు తెచ్చి, వంటకు తననే కూర్చోబెట్టాను.

చెక్కు తీయగానే ప్రతి కాయలోంచీ చిన్న ముక్క కొరికి చూశాను. బీరకాయ, సొరకాయ, దోసకాయ ఒక్కోసారి చేదుగా ఉంటాయి. పురుగులు తినకుండా ఆ మొక్కలు తయారుచేసుకునే కుకుర్బిటసిన్‌ల చేదు అది. ఉడికించినా పోదు, కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయాలి. ఈ ఒక్క విషయం పిల్లలకు తప్పకుండా నేర్పాలి.

ముక్కలు మూకుట్లో వేసి, ఉప్పు చల్లి మూత పెట్టింది పాప. కాసేపటికి మూత తీసి చూసి, "అమ్మా, నీళ్లెవరు పోశారు?" అంది. ఎవరూ పోయలేదు. బీరకాయలో తొంభై శాతానికి పైగా నీళ్లే. ఉప్పు వాటిని బయటికి లాగుతుంది, వేడికి ముక్క మెత్తబడి మిగతాదీ వదిలేస్తుంది.

పచ్చిమిరపకాయలు రెండే, అవి నేనే చీల్చాను. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. మంట పుట్టించే క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. గింజలకు కారం అంటేది అక్కడినుంచే. ఆ పొరను చెంచాతో గీకేస్తే మిరప వాసన ఉంటుంది, మంట చాలావరకు తగ్గుతుంది.

అసలు మంట ఎందుకు? తీపి, పులుపుల్లాగా కారం రుచిమొగ్గలకు తెలిసేది కాదు. మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే తెరిచేస్తుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్‌లో వాటా దక్కింది. నిప్పుదీ మంటే, మిరపకాయదీ మంటే అని మన భాష ఎప్పుడో ఒకే మాట పెట్టుకుంది. కారం తిన్న పిల్ల కాలుతోందని ఏడిస్తే అది గారాబం కాదు, తన నరాలు నిజంగా అదే చెబుతున్నాయి. "అలవాటు చేసుకో" అని కసరడం నాకు నచ్చదు.

క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ కూడా దాన్ని పట్టుకుని నాలుక మీదనుంచి లాక్కుపోతుంది. మంట పుట్టినప్పుడు గ్లాసుడు నీళ్లకన్నా నాలుగు గుక్కల పాలు మేలనేది అందుకే. మన పెద్దవాళ్లు కూరలోనే పాలు పోసేశారు! పులుపు తగిలితే కేసిన్ గడ్డకట్టి పాలు విరిగిపోతాయి కాబట్టి టమాటా, చింతపండు దీని దగ్గరికి రానివ్వం. ముక్క ఉడికాక మంట బాగా తగ్గించి, కాచిన పాలు అరకప్పు పోస్తే పాప మెల్లగా కలిపింది.

తింటూ తింటూ అడిగింది: "మరి చిలక మిరపకాయ ఎలా తింటుంది?" పక్షులకూ ఆ ప్రొటీన్ ఉంది, కానీ క్యాప్సైసిన్‌కు అది తెరుచుకోదు. మిరప తినే చాలా పక్షులు గింజల్ని నమలవు, రెట్టతో దూరంగా వేసి మొక్కకు మేలు చేస్తాయి.

నేను గీకిపడేసిన తెల్ల పొర, గింజలు ఇప్పుడు మా బాల్కనీ గోడమీద ఉన్నాయి, చిలక కోసం.