కయాక్ ఎక్కే ముందు

చిరంజీవి అమ్మలుకు, చిన్నోడికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో అమ్మలు ఒక ప్రశ్న అడిగింది. "పడవ ఊగుతూనే ఉంటుంది కదా తాతయ్యా, మరి ఫోటో కదలకుండా ఎలా వస్తుంది?" నేను సగం చెప్పేలోపే మీ అమ్మ స్కూలు బస్సు వచ్చిందని కేకేసింది. జీవితమంతా స్టూడియోలో కెమెరా పట్టుకుని బతికినవాణ్ణి. ఇలాంటి ప్రశ్నకు రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నవంబరులో మీరు కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, కూర్చుని ఫోటోలు తీసే వర్క్‌షాపుకు వెళ్ళబోయే కాడో సరస్సు నేనూ చూశాను. డాలస్ వచ్చినప్పుడు మీ నాన్న మూడు గంటలు కారు నడిపి తీసుకెళ్ళాడు. టెక్సస్‌కీ లూసియానాకీ సరిహద్దు మీద సుమారు 25 వేల ఎకరాల్లో పరుచుకుని ఉంటుంది. సరస్సు అంటారు గానీ చాలా చోట్ల అది అడవే. బాల్డ్ సైప్రస్ చెట్లు మొదళ్ళు ఉబ్బి నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. కొమ్మల నిండా బూడిదరంగు స్పానిష్ మాస్ కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంది. అది మన అనాసపండు కుటుంబపు మొక్క. మట్టి అక్కర్లేకుండా వాననీళ్ళతో, గాల్లో తేమతో బతికేస్తుంది. చలికాలం ముందు సైప్రస్ ఆకులు ఇటుకరంగుకు తిరిగి రాలిపోతాయి. వర్క్‌షాపు నవంబరులో పెట్టింది ఆ రంగు కోసమే అయి ఉంటుంది.

సరే, ప్రశ్నకు వస్తాను. పడవ ఊగకుండా ఆపడం మన చేతిలో లేదు. దాన్ని మంచి చేసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. మా నాయనమ్మ గేదెను మంచి చేసుకున్నట్టు.

ఆవిడ గేదె దగ్గరకు ఎప్పుడూ వెనకనుంచి వెళ్ళేది కాదు. పక్కనుంచి వెళ్ళి, ముందు వీపు మీద చెయ్యి వేసేది. మీరూ ముందు కయాక్ అంచు మీద చెయ్యి వేసి అది ఎటు ఒరుగుతుందో చూడండి. తర్వాత సరిగ్గా మధ్యలో కూర్చోండి, కాళ్ళు ఆ తర్వాత లోపలికి చాపుకోవచ్చు. నిలబడి ఎక్కబోతే తన్నేస్తుంది. నాయనమ్మ గొంతుక్కూర్చుని పితికేది. మన బరువు ఎంత కింద ఉంటే గేదె అంత నమ్ముతుందనేది. చెంబు రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకునేది. మీ కెమెరా చోటూ అదే. నీళ్ళు చొరని డ్రై బ్యాగులో, మోకాళ్ళ మధ్య, మూత చేతికి అందేలా, బ్యాగు పడవకు తగిలించి ఉండాలి. గేదె తోక విసిరితే మురికి చెంబులో పడుతుందని ఆవిడ తోక మీద ఒక కన్నేసి ఉంచేది. మీరు తెడ్డు మీద ఒక కన్నేసి ఉంచండి. పైకి ఎత్తి తిప్పితే నీళ్ళు కారి లెన్సు మీద పడతాయి, అందుకని కిందికే పట్టుకుని మెల్లగా వెయ్యండి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. పొదుగు కడగగానే నాయనమ్మ పాలు లాగేది కాదు. గేదె చేపేదాకా, అంటే పాలు పొదుగులోకి దిగేదాకా, ఊరికే నిమురుతూ కూర్చునేది. పక్కన నిలబడ్డ నాకు విసుగొచ్చేది. "చేపకముందు లాగితే పాలూ రావు, గేదే నిలవదు" అనేది. మీరూ మంచి చోటు కనపడగానే కెమెరా తీయకండి. కాస్త ముందుగానే తెడ్డు వేయడం ఆపి, దాన్ని ఒడిలో అడ్డంగా పెట్టుకుని, పడవను దాని మానాన సాగనివ్వండి. మీరు లేపిన అలలు చెట్టు మొదళ్ళకు తగిలి తిరిగొచ్చి మిమ్మల్నే మళ్ళీ ఊపుతాయి. అవి అణిగేదాకా కూర్చోండి. పడవ చేపిందని మీకే తెలుస్తుంది. అప్పుడు మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, బటను నొక్కండి. తళతళలాడే చీర కట్టుకుని కొత్తావిడెవరైనా కొట్టంలోకి వస్తే మా గేదె చుక్క పాలు ఇచ్చేది కాదు. కాబట్టి ముదురు ఆకుపచ్చో, మట్టిరంగో వేసుకోండి. కొంగలు ఇంకాసేపు నిలుస్తాయి.

నాకు నీళ్ళ మీద కూర్చోవడం అలవాటు చేసింది కొల్లేరు. మా అమ్మమ్మగారిది కైకలూరు దగ్గర పల్లె. సంక్రాంతి సెలవులకు వెళ్తే మామయ్య తాటిదోనె మీద తీసుకెళ్ళేవాడు. తాటిమాను తొలిచి చేస్తారు దాన్ని. నీటికీ అంచుకీ మధ్య బెత్తెడు కూడా ఉండేది కాదు. మామయ్య వెనక నిలబడి గెడ వేస్తుంటే, నేను అడుగున తడి చెక్క మీద కూర్చునేవాణ్ణి. కలువపువ్వు కోసం చెయ్యి చాపితే "ఒరే, ఒరుగుద్ది!" అని అరిచేవాడు. ఒకసారి గూడబాతు ఒకటి మా ముందు నీళ్ళలో దిగింది. దాని కన్ను, నా కన్ను ఒకే ఎత్తులో ఉన్నాయి. కింద ముక్కుకు వేలాడే సంచిలోంచి నీళ్ళు ధారగా కారడం చూశాను. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకు పక్షి వీపే కనిపిస్తుంది. కయాక్‌లో కూర్చున్నవాళ్ళకు ముఖం కనిపిస్తుంది. ఇంత కష్టపడి కయాక్‌లో వెళ్ళడం అందుకే.

ఇక కెమెరా. ట్రైపాడ్ ఇంట్లో వదిలేయండి, పడవతోపాటు అదీ ఊగుతుంది. చెట్లకైతే సెకనులో 500వ వంతు, ఎగిరే పక్షులకు 1000వ వంతు షట్టర్ స్పీడు, అంటే కెమెరాలోకి వెలుగు వచ్చే సమయం, పెట్టండి. అంత తక్కువసేపట్లో పడవ కదిలేది చాలా కొంచెం. తెల్లవారుజామున వెలుగు చాలకపోతే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగులోనూ ఫోటో వచ్చేలా చేసే సెట్టింగు, పెంచండి. ఫోటోలో కాస్త నలుసులు కనిపించినా చూడొచ్చు, కదిలిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు. నీళ్ళ మీది మెరుపు తగ్గించడానికి లెన్సుకు తగిలించే పోలరైజర్ అద్దం వాడితే పూర్తిగా తిప్పేయకండి, నీళ్ళలో కనిపించే చెట్టు ప్రతిబింబం కూడా మాయమవుతుంది. లెన్సు గట్టు మీదే ఎంచుకోండి, నీళ్ళ మీద మార్చొద్దు. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా బయటికి తీస్తే అద్దం మీద చెమ్మ పడుతుంది. బ్యాగు మూత అలాగే ఉంచి, కెమెరా గది వేడికి అలవాటు పడ్డాక తీయండి.

ఇవన్నీ అక్కడ నేర్చుకుందామనుకుంటే టెన్షనే మిగులుతుంది. ఇప్పటినుంచే రోజూ కాసేపు హాల్లో కింద కూర్చుని, కాళ్ళు చాపి, లైఫ్ జాకెట్ తొడుక్కుని కెమెరా పట్టుకోండి. కళ్ళు మూసుకుని షట్టర్ చక్రం తిప్పడం రావాలి. లైఫ్ జాకెట్ ఉంటే మోచేతులు డొక్కలకు ఆనవు, దానికి ఎలా సర్దుకోవాలో ఇంట్లోనే తెలియాలి. చిన్నోడికి ఇంకా 13 నిండలేదు కాబట్టి పడవ కదులుతున్నంతసేపూ అది తొడుక్కోవాలని టెక్సస్ చట్టమే చెప్తుంది. అమ్మలూ, నీకు చట్టం చెప్పకపోయినా తాతయ్య చెప్తున్నాడు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. మారు బట్టలు కారులో ఉంచండి. మొసళ్ళకు తిండి వెయ్యడం అక్కడ నేరం, గైడు ఎంత దూరంలో ఉండమంటే అంత దూరంలో ఉండండి.

ఇంకో పని కూడా ఉంది, ఫోటోలకంటే ముఖ్యమైనది. మన కొల్లేటిని గుర్రపుడెక్క కమ్మేసినట్టే, కాడోను జెయింట్ సాల్వినియా అనే నీటి మొక్క కమ్ముతోంది. రెండూ దక్షిణ అమెరికా నుంచి వచ్చినవే. కాడోలో 2006లో కనపడింది. వాతావరణం అనుకూలిస్తే వారంలో రెట్టింపవుతుంది. దాన్ని తినే ముక్కుపురుగులను పెంచి మరీ సరస్సులో వదులుతున్నారు. చిన్న తునక పడవకు అంటుకుని ఇంకో చెరువుకు చేరితే చాలు, అక్కడా మొదలవుతుంది. కాబట్టి ఒడ్డుకు రాగానే, ఎంత అలసిపోయినా, కయాక్ తుడిచి, లోపలి నీళ్ళు ఒంపి, ఆరబెట్టేదాకా అక్కడినుంచి కదలకండి. ఫోటో తీసుకున్న చోటుకు ఆ మాత్రం సేవ చేయాలి. రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచమంతా కాపాడుకోవాల్సిన తడి నేలల జాబితాలో కాడో 1993లో, కొల్లేరు 2002లో చేరాయి. ఆ లెక్కన మీరు వెళ్ళేది మనవాళ్ళ చోటుకే అనుకోండి.

తెల్లారగట్టే వెళ్ళమంటున్నారు కదా, బద్ధకించకండి. రాత్రి గాలి బాగా చల్లబడి, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్న రోజున పొగమంచు లేస్తుంది. ఎండ ముదిరితే పోతుంది. అప్పుడు అన్ని మానులూ ఒకేసారి కనిపించవు, దగ్గరవి ముందు, వెనకవి ఆ తర్వాత కనిపిస్తాయి. దాన్ని ఎలా తీయాలో నేను చెప్పను. చూడండి, మీకే తోస్తుంది.

ఒక్కటి మాత్రం నాకోసం చూసి రండి. సైప్రస్ చెట్ల చుట్టూ వేళ్ళలోంచి మొండిగా పైకి లేచిన దుంగలు ఉంటాయి. వాటిని అక్కడివాళ్ళు మోకాళ్ళు అంటారు. వేళ్ళకు గాలి అందడానికని కొందరు, బురదలో చెట్టు నిలదొక్కుకోవడానికని కొందరు చెప్పారు. శాస్త్రజ్ఞులు ఎన్నాళ్ళనుంచో చూస్తున్నా ఇంకా తేలలేదు. గైడునడిగి ఒక చెట్టు దగ్గర ఆగండి. తెడ్డు పక్కన పెట్టి ఎంత ఎత్తున్నాయో కొలవండి. లోతు నీళ్ళలో ఎక్కువున్నాయో, గట్టు దగ్గర ఎక్కువున్నాయో చూడండి. చిన్నోడు బొమ్మ వెయ్యాలి, అమ్మలు ఫోటో తీయాలి. రెండూ నాకు పంపండి.

మీ తాతయ్య